పచ్చగా లేని గుట్టల మీద పూసే అరుదైన పూలు

మే నెలాఖరుకు రాయలసీమ కొండల మీద బోద గడ్డి మొత్తం ఎండిపోయి, కొన్నిచోట్ల కాలి, నేల నల్లగా కనిపిస్తుంది. రోహిణి కార్తెలో ఒక గట్టి జల్లు పడితే చాలు, వారం తిరక్కముందే ఆ మసిలోంచి జానెడు కూడా లేని మొలకలు లేస్తాయి. వాటిలో కొన్నింటికి ఆకు పూర్తిగా విప్పుకునే ఓపిక కూడా ఉండదు, ముందే పూసేస్తాయి. పువ్వు చిటికెనవేలి గోరంత ఉంటుంది. ముదురు గోధుమ, ఊదా, పసుపుపచ్చ కలిసిన రంగు. వంగి వాసన చూస్తే చాలావాటిలో కుళ్లు కంపే. మృగశిర దాటి గడ్డి మోకాలెత్తుకు పెరిగాక ఆ మొక్కను చూసినవాళ్లే వచ్చి వెతికినా దొరకదు. మిగిలిన ఏడాదంతా అది భూమిలో దుంప.

ఆ దుంప మొక్కల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు బ్రాకీస్టెల్మా. మనకు తెలిసిన జిల్లేడు కుటుంబంలోనిదే. జిల్లేడు పువ్వులోలాగే దీని పుప్పొడి కూడా పొడిగా రాలదు, చిన్న ముద్దగా అంటుకుని ఉంటుంది. ఆ ముద్దను మోసుకుపోవడానికి తేనెటీగలు రావు, ఈగలు వస్తాయి. కంపు అందుకే. తూర్పు కనుమల్లో ఈ ప్రజాతికి చెందిన కొత్త జాతులు గత పదిహేనేళ్లలో ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. నల్లమల పేరుతో ఒకటుంది, నెల్లూరు జిల్లా పెంచలకోన పేరుతో ఒకటుంది, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు ఆంధ్రప్రదేశ్ వృక్షసంపదను నమోదు చేసిన ఆచార్య పుల్లయ్య పేరుతో ఇంకొకటుంది.

శాస్త్రవేత్తలు రెండు వందల ఏళ్లకు పైగా తిరుగుతున్న కొండలివి. ఇంతకాలం ఇవి కంటపడకపోవడానికి కారణం అడవి దట్టంగా ఉండటం కాదు, అసలు ఇవి దట్టమైన అడవిలో ఉండవు. కారణం క్యాలెండర్. మొక్కల సేకరణ బృందాలు సాధారణంగా వానలు వెనకబట్టాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య అడవికి వెళ్తాయి. ఎక్కువ మొక్కలు పూతమీద ఉండేది అప్పుడే, దారులు నడవడానికి వీలుగా ఉండేదీ అప్పుడే. నలభై రెండు డిగ్రీల ఎండలో, కాలిన గుట్ట మీద, మొదటి జల్లు పడిన పదో రోజున మోకాళ్ల మీద పాకుతూ వెతకాలని ఎవరికి తోస్తుంది? తోచినవాళ్లకు కొత్త జాతులు దొరికాయి.

అందుకే 'అరుదైన' అనే మాటను కాస్త విడదీసి చూడాలి. నిజంగానే కొద్దిగా మిగిలిన మొక్క ఒక రకం, ఉన్నా ఎవరూ సరైన వేళకు చూడని మొక్క ఇంకో రకం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితా మొదటిదాన్ని కొలవడానికి అంకెలు పెట్టుకుంది. పూతకొచ్చే వయసున్న మొక్కలు 50 కంటే తక్కువుంటే, లేదా విస్తరించిన ప్రాంతం 100 చదరపు కిలోమీటర్లలోపే ఉండి, అదీ ముక్కలై తరిగిపోతుంటే, ఆ జాతి 'తీవ్ర ప్రమాదం'లో ఉన్నట్టు. కానీ లెక్కపెట్టాలంటే ముందు కనపడాలి కదా. 2019లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త లెక్క ప్రకారం గత రెండున్నర శతాబ్దాల్లో 571 విత్తన మొక్కల జాతులు పూర్తిగా అంతరించాయి. పక్షులు, క్షీరదాలు, ఉభయచరాలు మూడూ కలిపినా అందులో సగం కూడా లేవు. అదే లెక్కలో ఇంకో అంకె కూడా ఉంది. ఒకప్పుడు పోయాయని రాసేసిన 430కి పైగా జాతులు మళ్లీ దొరికాయి. అంటే 'అంతరించింది' అన్న ముద్రలో కొంత భాగం మొక్క గురించి కాదు, వెతికిన తీరు గురించి.

తెలుగు నేల మీద ఈ వెతుకులాట పాతదే. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ తమిళ తీరాన తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చి, మొక్కల కోసం కోరమాండల్ తీరమంతా తిరిగి, 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన దగ్గర మెలకువలు నేర్చుకున్న విలియం రాక్స్‌బర్గ్ అప్పటికి సామర్లకోటలో ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడే అయినా మిరియాలు, నీలి, మల్బరీ పెంపకం మీద ప్రయోగాలు చేసేవాడు. భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లేదాకా ఆయన పని చాలావరకు ఉత్తర సర్కారుల మొక్కల మీదే. 1795 నుంచి లండన్‌లో అచ్చైన కోరమాండల్ మొక్కల సంపుటాలకు సరుకు ఇక్కడిదే.

రాక్స్‌బర్గ్ చేసిన ఇంకో పని గురించి తెలుగువాళ్లు అంతగా మాట్లాడుకోరు. మొక్క పక్కన తెలుగు పేరు రాసుకునేవాడు. శేషాచలంలో పెరిగే తంబ జాలారి చెట్టుకు ఆయన పెట్టిన శాస్త్రీయ నామం షోరియా తంబగ్గైయా. రెండో మాట లాటిన్ కాదు, ఊరివాళ్లు చెప్పింది చెవికి వినపడినట్టు రాసుకున్నది. సోమిద చెట్టయితే ఏకంగా సోయ్‌మిడా అని ప్రజాతి పేరే అయింది. చెట్టును చూపించినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, వాళ్లు అన్న మాట మాత్రం ప్రపంచమంతటా ఎండు మొక్కలు దాచే హెర్బేరియాల్లో ఉంది. తర్వాతి తరంలో మద్రాసు అటవీ శాఖాధికారి బెడ్డోమ్ కడప కొండలు జల్లెడ పట్టాడు. చెరకు వంగడాలతో పేరు తెచ్చుకున్న బార్బర్ అంతకుముందు మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త, శేషాచలం నీలి జాతి ఒకటి ఆయన పేరు మీదే ఉంది. వీళ్లందరి సేకరణలను గాంబుల్, ఆయన తర్వాత ఫిషర్ 1915-1936 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలంగా క్రోడీకరించారు. ఇవాళ్టికీ ఈ ప్రాంతంలో మొక్కను గుర్తుపట్టాలంటే మొదట తిరగేసేది ఆ సంపుటాలనే.

కనిపెట్టడం అనగానే అడవిలో ఒక్కసారిగా కళ్లు మెరవడం అనుకుంటాం. నిజానికి చాలా కొత్త జాతులు బీరువాల్లో దొరుకుతాయి. ఎండబెట్టి, అట్టకు అతికించి, చీటీ రాసి దాచిన మొక్కల గది హెర్బేరియం. 2010లో వచ్చిన ఒక అధ్యయనం కొత్తగా వర్ణించిన జాతుల నమూనాలను తేదీలవారీగా పరిశీలించింది. సేకరించిన ఐదేళ్లలోపు పేరు దక్కించుకున్నవి 16 శాతమే. దాదాపు నాలుగో వంతు జాతుల విషయంలో ఆధారమైన నమూనాలు యాభై ఏళ్లకు పైగా అల్మరాలో పడి ఉన్నవి. ఎవరో కోసుకొచ్చారు, 'ఫలానా జాతి కావచ్చు' అని పెన్సిలుతో రాశారు, మరో తరం వచ్చి కాదని తేల్చింది. కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియం, హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియం, అనంతపురం, తిరుపతి విశ్వవిద్యాలయాల సేకరణలు, 1890లో మొదలైన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రాలు, వీటిలో ఇంకా ఎన్ని అట్టలు తప్పు పేరుతో ఉన్నాయో తెలియాలంటే ఆ కుటుంబం మీద పట్టున్న మనిషి వచ్చి కూర్చోవాలి. అలాంటి మనుషులే ఇప్పుడు అరుదైపోతున్నారు. విశ్వవిద్యాలయాల్లో వర్గీకరణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడు రిటైరైతే ఆ ఖాళీ బయోటెక్నాలజీకి పోవడం మామూలైపోయింది.

కొత్త జాతి అని తేల్చే పని ఓపికతో కూడుకున్నది. పూతతో ఉన్న మొక్కను దుంపతో సహా తీయాలి. ఇదే మొదటి ఇరకాటం, పది మొక్కలున్న చోట ఒకటి తీయడమంటే పదో వంతు తీయడమే. పాత వార్తాపత్రికల మధ్య నొక్కి ఆరబెట్టాలి. పువ్వును ఆల్కహాలులో వేయాలి, ఎండితే జిల్లేడు కుటుంబపు పువ్వులో అసలు తేడాలన్నీ ముడుచుకుపోతాయి. ఆపైన దగ్గరి జాతుల టైప్ నమూనాలతో, అంటే ఆ పేరుకు సాక్ష్యంగా మొదట దాచిన అట్టలతో పోల్చాలి. ఒకప్పుడు ఇందుకోసం లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర తోటకు ఉత్తరాలు రాసుకుని నెలల తరబడి ఎదురుచూసేవారు. ఇప్పుడు చాలా టైప్ నమూనాలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అనంతపురంలో కూర్చుని ఎడిన్‌బరో అట్ట చూడొచ్చు. వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నిబంధన కూడా 2012 జనవరి నుంచి పోయింది, ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది. తూర్పు కనుమల నుంచి వర్ణనలు వేగంగా వస్తున్నాయంటే ఈ రెండు మార్పుల పాత్ర చిన్నది కాదు.

స్థానికుడి పాత్ర మాత్రం మారలేదు. ఇందుకు మొక్క కంటే ఒక పిట్ట కథ బాగా పనికొస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడిని 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ కనుగొన్నారు. బొంబాయి సహజ చరిత్ర సంఘం బృందం ఊరూరా బొమ్మలు చూపించి అడిగితే, రాత్రిపూట దీపంతో వేటాడే ఒక స్థానికుడు దాన్ని పట్టి తెచ్చాడు. పిట్ట కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఆ పిట్ట బతికే చోటు పెద్ద చెట్ల అడవి కాదు, మధ్య మధ్య బోడి నేల ఉండే ముళ్ల పొదల మైదానం. అలాంటి నేల మీద బతికే దుంప మొక్క కోసం కాలువ దారి మారిన సందర్భం మాత్రం ఎక్కడా లేదు. మొక్కకు కళ్లుండవు కాబట్టి పోస్టరు మీద జాలిగా చూడదు.

చెట్లలో అలాంటి నిర్లక్ష్యానికి గురైనదాన్ని చూడాలంటే అనంతపురం వైపు వెళ్లాలి. అక్కడి రాతి గుట్టల మీద ఒక చెట్టుంది, ఆకు రావి ఆకులా ఉంటుంది. వేసవిలో ఆకంతా రాల్చి, మోడు మీద ఎర్రటి చిన్న పూలు పూస్తుంది. తర్వాత పల్చటి కాగితంతో చేసిన బుడ్డల్లాంటి కాయలు వేలాడతాయి. గాలికి అవి విడిపోయి ఎగిరిపోతాయి, లోపల గింజ. రాక్స్‌బర్గ్ దీన్ని స్టెర్కూలియా వర్గంలో పెట్టి పేరిచ్చాడు. 1832లో వియన్నా శాస్త్రవేత్తలు షాట్, ఎండ్లిషర్ కొత్త ప్రజాతి కట్టి, పన్నెండో శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ పేరు పెట్టారు. అలా అనంతపురం గుట్ట మీది చెట్టు హిల్డెగార్డియా పాపులిఫోలియా అయింది. దాని బంధువులు పశ్చిమాఫ్రికాలో, మడగాస్కర్‌లో, ఆస్ట్రేలియాలో, క్యూబాలో, ఫిలిప్పీన్స్‌లో ఉన్నాయి. ఇండియాలో ఉన్నది ఈ ఒక్క జాతే. ఇలాంటి చెదురుమదురు విస్తరణ కనపడగానే గోండ్వానా అనే పురాతన దక్షిణ మహాఖండం ముక్కలైన కథ చెప్పడం వాడుక. బాగానే ఉంటుంది కానీ క్యూబా, ఫిలిప్పీన్స్ ఆ కథలో సరిగ్గా ఒదగవు, గాలికెగిరే కాయనూ లెక్కలోకి తీసుకోవాలి.

1998 ఎర్ర జాబితాలో ఇది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. తమిళనాడులో కొన్ని కొండలు, ఇక్కడ కలసముద్రం వంటి కొద్ది చోట్ల మిగిలింది. బెరడు ఒలిస్తే లోపల జాలీ నేసినట్టు నార వస్తుంది, ఊళ్లలో తాళ్లు పేనేవాళ్లు. తమాషా ఏమిటంటే ఈ చెట్టు పేరు వెతికితే పరిరక్షణ పత్రాలతో పోటీగా పాలిమర్ పత్రాలు కనపడతాయి. ఆ జాలీ బెరడును ప్లాస్టిక్‌లో కలిపి గట్టి పలకలు చేయొచ్చని అనంతపురం శాస్త్రవేత్తలే వరుసగా ప్రచురించారు. అదే విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం వాళ్లు పరీక్షనాళికలో ఈ చెట్టు పిలకలు పెంచే పద్ధతి మీద పనిచేశారు. రెండూ అక్కరకొచ్చే పనులే. కానీ పెంచే పద్ధతి గుట్ట మీద నిలదొక్కుకోకముందే బెరడుకు గిరాకీ పుడితే ఏమవుతుందో ఎర్రచందనం చరిత్ర చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు నేల పేరులో ఉంది. రాళ్లు, బోద గడ్డి, పొట్టి పొదలు ఉన్న గుట్టను మన రెవెన్యూ రికార్డు 'కొండ పోరంబోకు' అనో 'బంజరు' అనో రాసుకుంటుంది. పన్ను రాని నేల అన్నది దాని పాత అర్థం. వాడుకలో అది పనికిరాని నేల అయిపోయింది. పనికిరానిదాన్ని దేనికిచ్చినా అభ్యంతరం ఉండదు. గ్రానైట్ క్వారీకి ఇస్తారు, సోలార్ పార్కుకు ఇస్తారు, గాలిమరలకు ఇస్తారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు ఆరు వేల ఎకరాల్లో లేచింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో ఊళ్లవాళ్లే ఏళ్ల తరబడి మేత అదుపు చేసి, మంటలు ఆర్పి, ఏడు వేల ఎకరాలకు పైగా గుట్టలను కల్పవల్లి పేరుతో తిరిగి బతికించుకున్నారు. రికార్డులో మాత్రం అది రెవెన్యూ బంజరుగానే ఉంది. గాలిమరలు అక్కడికే వచ్చాయి, కొండ చరియలు తొలిచి రోడ్లు వేశారు, వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. సౌర, పవన విద్యుత్తు వద్దని ఎవరూ అనరు. ఆ గుట్ట మీద ఏముందో చూసిన తర్వాత స్థలం ఎంచుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇంకో ప్రమాదం మంచి ఉద్దేశంతో వస్తుంది, అందుకే దాన్ని గుర్తించడం కష్టం. బోడి గుట్ట కనపడితే చెట్లు నాటాలన్న ఆలోచన. గుంటలు తీసి కానుగ, వేప, నీలగిరి నాటితే ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం పెరుగుతుంది, లక్ష్యం నెరవేరినట్టు నమోదవుతుంది. కానీ దుంప మొక్కకు కావలసింది మొదటి వాన తర్వాత రెండు మూడు వారాల నేరు ఎండ. నీడ పడితే మొలక సాగిపోతుంది, పూయదు. గుంట తీసిన చోటే దుంప ఉంటే ఆ ప్రశ్న కూడా రాదు. కొండ మీద బండకూ బండకూ మధ్య జానెడు మట్టి ఉన్న చోటే ఈ మొక్కలు ఉంటాయి, చెట్లు నాటేవాళ్లకు గుంట తీయడానికి వీలున్న చోటు కూడా అదే. సర్కారు తుమ్మ, వయ్యారిభామ లాంటి వలస మొక్కలు చేసే నష్టం గురించి అందరూ మాట్లాడతారు. నాటిన వేప చేసే నష్టం గురించి మాట్లాడితే మాత్రం విన్నవాళ్లకు మూర్ఖత్వంలా తోస్తుంది.

చట్టం కూడా చెట్టు వైపే మొగ్గుతుంది. మన వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్టు ఉన్నాయి, గడ్డి మొక్కకు చోటు లేదు. కేంద్ర వన్యప్రాణి చట్టంలో మొక్కలకంటూ అధ్యాయం చేరింది 1991లో. ఆరో షెడ్యూల్‌లో మొత్తం ఆరు పేర్లు పెట్టారు. హిమాలయాల కుష్ఠు మొక్క, ఈశాన్య రాష్ట్రాల ఆర్కిడ్లు, మేఘాలయ కూజా మొక్క అందులోవే. మూడు దశాబ్దాలపాటు ఆ జాబితా అంతే. తెలుగు కొండల నుంచి అందులోకి ఎక్కింది ఒక్కటే, బెడ్డోమ్ పేరు మీదున్న పేరిత అనే సైకస్. విచిత్రం ఏమిటంటే అది పూలు పూసే మొక్కే కాదు, దానికి వచ్చేది శంకువు. 2022 సవరణలో షెడ్యూళ్ల సంఖ్య తగ్గించి మొక్కలను మూడో షెడ్యూల్‌కు మార్చారు. 2002 జీవవైవిధ్య చట్టం 38వ సెక్షన్ కింద, రాష్ట్రంతో సంప్రదించి, అంతరించే దశలో ఉన్న జాతులను కేంద్రం ప్రకటించి వాటి సేకరణను నిషేధించవచ్చు. సేకరణను అదుపు చేయడానికి ఇది పనికొస్తుంది, క్వారీని ఆపడానికి కాదు. ఎర్రచందనానికైతే టాస్క్‌ఫోర్స్ ఉంది, 1995 నుంచి అంతరించే జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో చోటుంది, కోర్టు కేసులున్నాయి. టన్నుకు లక్షలు పలికేదానికి కాపలా ఉంటుంది. దాని నీడలోనే పెరిగే మొగి చెట్టు, తెల్ల కరక, కొండ సాంబ్రాణి, తిరుమల కొండలకే పరిమితమైన అడవి కొత్తిమీర ఎర్రచందనం పుణ్యాన రక్షణలో ఉన్నాయని చెప్పాలి. అంటే ఆ కొండలు దాటిన మరుక్షణం లేవు.

వాణిజ్యం వల్ల తరిగిపోతున్న మొక్కల్లో రాయలసీమవాళ్లు రోజూ నాలుక మీద రుచి చూసేది ఒకటుంది. ఎండాకాలం బండి మీద నన్నారి షర్బత్. పుస్తకాల ప్రకారం నన్నారి అంటే సుగంధి పాల తీగ, వేరు సన్నగా పుల్లలా ఉంటుంది. అంగట్లో వాసన కోసం వాడేదాంట్లో మాత్రం చాలాభాగం మారేడు కొమ్ములు, కొందరు బర్రె సుగంధి అంటారు. శాస్త్రీయంగా డెకాలెపిస్ హామిల్టోనియై. ఇదీ జిల్లేడు కుటుంబమే, ఇదీ రాతి సందుల్లో పెరిగే తీగే, దక్షిణ భారతం దాటితే దొరకదు. వేలి లావు నుంచి మణికట్టు లావు దాకా వేళ్లు గుత్తిగా ఉంటాయి, ఊరగాయ కూడా పెడతారు. ఆ వాసనకు మూలమైన పదార్థం వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌కు రసాయనికంగా తోబుట్టువు లాంటిది, పరమాణువులన్నీ అవే, అమరిక వేరు. కాయ కోసినా, ఆకు దూసినా చెట్టు బతుకుతుంది. వేరు తవ్వితే తీగ పోతుంది. ఎర్ర జాబితాలో ఇప్పుడిది ప్రమాదంలో ఉన్న జాతి.

తవ్వేది ఎక్కువగా యానాదులు, చెంచులు. తప్పు వాళ్ల మీదకు నెట్టడం సులువు. పెద్ద వేళ్లు తీసి, చిన్నవి వదిలి, గుంట పూడ్చి రావడం తెలిసినవాళ్లు వాళ్లే. కిలో ధర చాలక రోజుకు ఎక్కువ తవ్వాల్సొచ్చినప్పుడు, బయటి కూలీలు పోటీకి వచ్చినప్పుడు ఆ కట్టుబాటు తెగిపోతుంది. ఈ తీగను పొలంలో పెంచవచ్చు. చిక్కల్లా వేరు ఊరడానికి ఏళ్లు పడుతుంది, అడవిలో ఉచితంగా దొరుకుతున్నంతకాలం పొలం సరుకు ధరలో ఓడిపోతుంది. షర్బత్ సీసా మీద ఏ వేరు, ఎక్కడిది అన్న చీటీ ఉంటే కథ కొంత మారుతుంది. ఇప్పుడు ఆ సీసాల మీద 'నన్నారి' అన్న ఒక్క మాటే ఉంటుంది.

అడవిలో కాపాడలేకపోతే తోటలో, విత్తన నిధిలో దాచవచ్చు కదా అన్న మాట తరచూ వినిపిస్తుంది. కొన్నింటికి కుదురుతుంది. గింజను బాగా ఎండబెట్టి, సున్నాకు ఇరవై డిగ్రీల కింద పెడితే చాలా జాతులు దశాబ్దాలు నిలుస్తాయి. కానీ నేరేడు గింజను ఎండబెట్టి చూడండి, చచ్చిపోతుంది. మామిడి, పనస కూడా అంతే. మొగి చెట్టు నేరేడు ప్రజాతిలోది. తంబ జాలారి సాల కుటుంబం, ఆ కుటుంబపు గింజలు రాలిన కొద్ది రోజుల్లో మొలవకపోతే ఇక మొలవవు. వీటికి ఫ్రిజ్ పనికిరాదు, నేలే కావాలి. పరీక్షనాళికలో వేల పిలకలు తీయవచ్చు, అన్నీ ఒకే తల్లి నకళ్లు. ఒక్క తెగులు చాలు. మారిషస్ ఏలుబడిలోని రోడ్రిగ్స్ దీవిలో కఫే మరోన్ అనే మొక్క పూర్తిగా పోయిందనుకున్నాక, 1980లో ఒక బడి పిల్లవాడికి రోడ్డు పక్కన ఒకే ఒక్కటి కనిపించింది. కొమ్మ తెచ్చి లండన్ క్యూ తోటలో నాటితే బతికింది, పూసింది. కాయ మాత్రం కాయలేదు. కీలాగ్రం (పువ్వులో పుప్పొడి పడాల్సిన కొన) మీద పుప్పొడి వేసినా పట్టలేదు. చివరికి ఆ అగ్రాన్ని కోసేసి కోసిన చోట పుప్పొడి రాసి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి గింజ తీయడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. బతికించడం వేరు, వంశం నిలపడం వేరు.

దొరికిన మొక్క ఎక్కడుందో చెప్పాలా వద్దా అన్నది ఇంకా తెగని వాదన. శాస్త్రానికి స్థలం, తేదీ కావాలి, లేకపోతే ఇంకొకరు వెళ్లి సరిచూడలేరు. కానీ 2010లో వియత్నాం నుంచి వర్ణించిన ఒక చెప్పు ఆర్కిడ్‌ను ప్రచురణ వెలువడిన కొద్ది కాలంలోనే వ్యాపారులు దొరికిన చోటల్లా ఊడ్చేశారు. బ్రాకీస్టెల్మా, దాని దగ్గరి బంధువు సెరోపీజియా దుంపలకు కూడా విదేశాల్లో గాజుగదుల్లో పెంచే అభిమానులున్నారు, ఇంటర్నెట్‌లో బేరాలు జరుగుతాయి. అందుకే ఇప్పుడు కొందరు రచయితలు అక్షాంశ రేఖాంశాలు ఇవ్వకుండా జిల్లా పేరుతో ఆపేస్తున్నారు. ఫోన్‌తో తీసిన ఫొటోలో స్థానం తనంతట తానే నమోదవుతుందన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. ఇందులో మరో మెలిక ఉంది. స్థలం దాస్తే దొంగ రాడు, నిజమే. కానీ ఆ గుట్టను లీజుకిచ్చే అధికారికి కూడా అక్కడ మొక్క ఉందని తెలియదు. మన గుట్టల విషయంలో దొంగ కంటే లీజు వల్లే నష్టం ఎక్కువ కాబట్టి, కనీసం మండల స్థాయి రికార్డులోకి, ఊరి జీవవైవిధ్య కమిటీ రిజిస్టరులోకి ఆ పేరు ఎక్కడం మేలు.

రికార్డులోకి ఎక్కకపోతే ఏమవుతుందో చూడాలంటే గని అనుమతుల కాగితం తీయాలి. సోలార్ ఫలకాలకు, గాలిమరలకు 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వర్తించదు, కాబట్టి అక్కడ మొక్కల సర్వే ప్రశ్నే లేదు. మదింపు చేయాల్సిన గనులకు కేంద్ర మంత్రిత్వ శాఖ ఇచ్చే ప్రామాణిక షరతుల్లో గాలి, నీరు, చప్పుడు, నేల, వృక్ష జంతుజాలం అన్నిటికీ కలిపి ఒక్క రుతువు సమాచారం చాలు. ఆ రుతువు వానాకాలం కాకూడదు. మార్చి నుంచి మే, లేదా అక్టోబరు నుంచి డిసెంబరు, లేదా డిసెంబరు నుంచి ఫిబ్రవరి, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. గాలిలో దుమ్ము కొలవడానికి ఇది సరైన ఏర్పాటే, వానలో దుమ్ము అణిగిపోతుంది. మొక్కలకూ అదే గడువు పెట్టారు. మేలోనే ముందస్తు జల్లు పడి, అప్పటికి సర్వేవాళ్లు గుట్ట మీద ఉంటే తప్ప, రోహిణికి లేచి మృగశిరతో మాయమయ్యే మొక్క ఆ మూడు గడువుల్లోనూ నేల కిందే ఉంటుంది.